దొరల దేశంలో మా శారద వోటు

2024 మే నెలాఖరున ఒక రాత్రి మా మేనకోడలు శారద ఇంగ్లండు నుంచి ఫోను చేసింది. ఆదివారం నాడు తప్ప చేసే అలవాటు లేదు. ఆడపిల్ల వేళగాని వేళ ఫోను చేసిందంటే మా ఆవిడకి కాళ్ళూ చేతులూ ఆడవు. "ఏమే తల్లీ, వొంట్లో బాగానే వుందా?" అంటూ ఫోను నా చేతిలోంచి లాక్కుంది.

"బాగానే వున్నానత్తయ్యా! నాకిక్కడ వోటు వుందిట!" అన్నది శారద.

శారద తెనాలి పిల్ల, మా అక్కయ్య కూతురు. మూడేళ్ళ క్రితం నర్సు వుద్యోగం మీద ఆ దేశం వెళ్ళింది. పాస్‌పోర్టు మనది, పౌరసత్వం మనది. అటువంటి పిల్లకి వాళ్ళ పార్లమెంటు ఎన్నికల్లో వోటేమిటని ముందు నేనూ నమ్మలేదు. తీరా విచారిస్తే నిజమే. కామన్‌వెల్తు దేశాల పౌరులు చట్టప్రకారం అక్కడ నివాసముంటూ జాబితాలో పేరు రాయించుకుంటే వోటు వేయవచ్చు, ఆ మాటకొస్తే, స్థిరనివాసం హక్కు వుంటే నిలబడనూ వచ్చు. పక్కనే వున్న ఫ్రెంచివాడికీ జర్మనువాడికీ ఆ హక్కు లేదు. తెనాలి పిల్లకి వుంది. సామ్రాజ్యమనే పెద్ద నోటు ఖర్చయిపోయినా చిల్లర మాత్రం కొంత మిగిలిందన్న మాట.

"అయితే వేసెయ్యి, అందులో ఆలోచించేదేముంది?" అన్నది మా ఆవిడ.

"ఎవరికి వెయ్యాలో తెలియకే గదా మామయ్యకి ఫోను చేసింది!"

అలా మొదలైంది. నెల రోజులపాటు మా ఇంట్లో బ్రిటిషు రాజకీయాలు తప్ప మరో మాట లేదు. నాకు తెలిసినది చెప్పాను, తెలియనిది చదివి చెప్పాను. మధ్యలో మా ఆవిడ వేసిన ప్రశ్నలకి జవాబు వెతుక్కోవడంలోనే నేను సగం నేర్చుకున్నాను.

శారదకి ఈ వోటు వేడుక కాదు. మా బావగారు పోయి రెండేళ్ళయింది. అక్కయ్య తెనాలిలో ఒక్కతే వుంటోంది. తల్లిని తన దగ్గరికి తీసుకువెళ్ళాలని శారద కోరిక. కాని 2012లో ఆ దేశం పెట్టిన నిబంధనల ప్రకారం, అక్కడ స్థిరనివాసం వున్నవాళ్ళు కూడా తల్లిదండ్రుల్ని తెచ్చుకోవడం మహా కష్టం. పెద్దవాళ్ళు మంచం పట్టాలి. రోజూ చేసే పనులకి కూడా మనిషి సాయం కావాలి. అదీగాక, ఆ సాయం డబ్బు పెట్టినా స్వదేశంలో దొరకదని రుజువు చేయాలి. మా అక్కయ్య నిక్షేపంలా వంట చేసుకుంటుంది, గుడికి నడిచి వెళుతుంది. శారదకింకా స్థిరనివాసం హక్కు రాలేదు. రేపు వచ్చినా, తల్లి ఆరోగ్యంగా వుండటమే అడ్డు.

"ఈ రూలు ఎవరు మారుస్తారో వాళ్ళకి వేస్తాను మామయ్యా," అన్నది శారద.

అక్కడే వచ్చింది చిక్కు. ఆమె చేతికి వచ్చే కాగితం మీద పార్టీ ప్రభుత్వమూ ప్రధాన మంత్రీ వుండరు. ఆ వూళ్ళో నిలబడ్డ ఏడెనిమిది మంది పేర్లు, వాళ్ళ పార్టీ గుర్తులు, అంతే. ఒక్కరి పేరు పక్కన పెన్సిలుతో అడ్డగీతల గుర్తు పెట్టాలి. కామన్సు సభలో 650 స్థానాలున్నాయి. 650 చోట్ల 650 విడి ఎన్నికలు జరుగుతాయి. ఒక్కొక్క చోట అందరికంటె ఒక్క వోటు ఎక్కువ వచ్చినవాడు గెలిచినట్టు. సగం మంది మెచ్చుకోవాలని ఎక్కడా లేదు. అలా గెలిచినవారిలో ఎక్కువ మంది ఎవరి వెనక వుంటారో ఆయన్ని రాజుగారు పిలిచి ప్రభుత్వం ఏర్పాటు చేయమంటారు.

"అయితే ప్రధానికి ఎవరు వోటు వేసినట్టు?" అన్నది మా ఆవిడ.

"ఆయన నియోజకవర్గం వాళ్ళు."

"మిగతా దేశం?"

"మిగతా దేశం వాళ్ళ వాళ్ళ వూరి మనిషికి వేసింది."

మా ఆవిడ చాలాసేపు ఆలోచించి, "2022లో ఒకావిడ వచ్చి వెంటనే పోయింది, ఆమె సంగతి?" అన్నది. మా ఆవిడ పత్రిక చదవదని నేననుకుంటాను గాని, నాకంటె ముందే చదివేస్తుంది.

ఆ కథ చెప్పుకోదగ్గదే. 2019 ఎన్నికల్లో గెలిచిన బోరిస్ జాన్సన్ 2022లో సొంత పార్టీ వాళ్ళే ఎదురు తిరిగితే దిగిపోయాడు. ఎన్నికలు జరగలేదు. కన్సర్వేటివ్ పార్టీ చందాదారులు వోటు వేసి లిజ్ ట్రస్‌ను నాయకురాలిగా ఎన్నుకున్నారు. ఆమెకి 81,326, రిషి సునాక్‌కి 60,399 వోట్లు. నాలుగున్నర కోట్లకు పైగా వోటర్లున్న దేశానికి ప్రధానిని నిర్ణయించినది లక్షన్నర మందికి లోపు. ఆమె ఏడు వారాలు వుండి దిగిపోయింది. తరువాత మన ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారి అల్లుడు సునాక్‌కి పోటీయే లేకపోయింది, చందాదారుల వోటు కూడా లేకుండానే అక్టోబరు 25న ప్రధాని అయ్యాడు. రెండు నెలల్లో ముగ్గురు ప్రధానులు, ఒక్క ఎన్నిక లేదు. అంతా చట్టబద్ధమే.

"ఇంట్లోవాళ్ళు కుదుర్చుకున్న సంబంధం, పెళ్ళికూతురికి చెప్పలేదు," అన్నది మా ఆవిడ. ఇంతకంటె బాగా ఏ రాజ్యాంగ పండితుడూ చెప్పలేడు.

పార్టీల పుట్టుపూర్వోత్తరాలు శారదకి రెండు ముక్కల్లో చెప్పాను. పూర్వం టోరీలు, విగ్గులు అని రెండు జట్లు, రెండూ ఎదటివాళ్ళు పెట్టిన తిట్టు పేర్లే. టోరీలు 1830 తరువాత కన్సర్వేటివులయ్యారు, విగ్గులు క్రమంగా లిబరల్సులో కలిశారు. 1900లో కార్మిక సంఘాలు కలిసి పెట్టుకున్న సంఘం 1906లో లేబర్ పార్టీ అనే పేరు పెట్టుకుని, ఇరవై ఏళ్ళ లోపల లిబరల్సును పక్కకు నెట్టింది. ఆ లిబరల్సు వారసులే 1988లో ఏర్పడ్డ లిబరల్ డెమొక్రాట్లు. ఇక స్కాట్లండు, వేల్సు, ఉత్తర ఐర్లండు పార్టీలు, గ్రీన్లు, కొత్తగా వచ్చిన రిఫార్మ్ పార్టీ. ఇంతమంది వున్నా ఆట నియమం మాత్రం ఇద్దరు ఆడుకునే రోజుల్లో పెట్టినదే.

శారద వున్న వూళ్ళో పోటీ రెండు పార్టీలకే. పేర్లు చెప్పను. మొదటి పార్టీ ఎన్నో ఏళ్ళుగా అక్కడ గెలుస్తున్నది, రెండోది దాని వెనకే తరుముకొస్తున్నది. శారదకి నచ్చినది మూడోది. దానికి ఆ వూళ్ళో ఎప్పుడూ మూడో స్థానమే. ఒకరోజు రెండో పార్టీ కరపత్రం తలుపు సందులోంచి పడిందట. దాని మీద మూడు నిలువు కడ్డీల బొమ్మ, పొడుగుదొకటి, కాస్త పొట్టిదొకటి, మరీ పొట్టిదొకటి. "మూడోవారికి వేస్తే మొదటివారికి వేసినట్టే" అని కింద పెద్ద అక్షరాలు. అక్కడ ఇలాంటి కరపత్రాలు ప్రతి ఎన్నికలోనూ వస్తాయి.

"ఇదేం న్యాయం మామయ్యా? నచ్చినవాళ్ళకి వేస్తే నచ్చనివాళ్ళు గెలుస్తారుట!"

న్యాయమో అన్యాయమో గాని, లెక్క అదే. వోట్లు ఎన్ని వచ్చాయన్నదానికంటె, ఎక్కడ వచ్చాయన్నది ముఖ్యం. పంక్తిలో నూరు మంది కూర్చున్నారనుకోండి. ఉన్న నెయ్యంతా తలా ఒక బొట్టు వడ్డిస్తే ఎవరికీ రుచి తెలియదు. అదే నెయ్యి పది విస్తళ్ళలో పోస్తే ఆ పది మందీ మెచ్చుకుంటారు. అక్కడ వోటుదీ అదే తీరు. 2015లో యూకిప్ అనే పార్టీకి నూటికి పన్నెండున్నర వోట్లు దేశమంతటా చెదిరి వచ్చాయి, గెలిచినది ఒక్క స్థానం. అదే ఎన్నికలో స్కాట్లండులో మాత్రమే నిలబడ్డ స్కాటిష్ నేషనల్ పార్టీకి దేశం మొత్తం మీద నూటికి అయిదు కూడా రాలేదు, గెలిచినవి 56. ఇంకా విచిత్రం 1951లో జరిగింది. లేబర్ పార్టీకి 139 లక్షల వోట్లు, కన్సర్వేటివులకి 137 లక్షలు. స్థానాలు మాత్రం లేబర్‌కి 295, కన్సర్వేటివులకి 321. ఎక్కువ వోట్లు వచ్చిన అట్లీ ఇంటికి, తక్కువ వచ్చిన చర్చిల్ ప్రధాని పీఠం మీదికి.

ఈ పద్ధతి మార్చుకుంటారా అని 2011లో ప్రజల్నే అడిగారు. వోటరు తన ఇష్టాలను ఒకటి, రెండు, మూడు అని వరస పెట్టి రాసే పద్ధతి పెడదామా అన్నది ప్రశ్న. వోటు వేసినవారిలో నూటికి 68 మంది వద్దన్నారు. అలవాటైన ఇరుకిల్లు మేడకంటె సుఖమనుకున్నారో ఏమో.

వాళ్ళని చూసి నవ్వడానికి మనకీ హక్కు లేదు. మనం తెచ్చుకున్నదీ ఆ పద్ధతే. 1952లో మన మొదటి లోక్‌సభకి కాంగ్రెసుకి నూటికి 45 వోట్లు వస్తే, 489 స్థానాల్లో 364 వచ్చాయి. అప్పుడెవరూ ఆశ్చర్యపడలేదు.

జూన్ నెలలో అభ్యర్థుల తరఫు మనుషులు శారద వీధిలో ఇంటింటికీ తిరిగారట. లౌడు స్పీకర్లు లేవు, లారీలు లేవు, గోడల మీద రాతలు లేవు. టెలివిజనులో డబ్బిచ్చి ప్రకటనలు వేయడం అక్కడ నిషేధం, పార్టీలకి కొంత సమయం వూరికే ఇస్తారు. చొక్కాకి రంగు రిబ్బను పువ్వు గుచ్చుకుని, చేతిలో వోటర్ల జాబితా పట్టుకుని, ఇద్దరిద్దరు వస్తారు. వాదించరు. "మావాడికి వేస్తారా?" అని అడిగి, జవాబు గుర్తు పెట్టుకుని వెళ్ళిపోతారు. పోలింగునాడు తమవాళ్ళని మాత్రం లేపి పంపడానికి ఆ జాబితా.

శారద వాళ్ళని వూరికే పోనివ్వలేదు. వచ్చిన ప్రతి వారినీ, "మా అమ్మని ఎప్పుడు తెచ్చుకోనిస్తారు?" అని అడిగింది. ఒకరు నవ్వి కరపత్రం చేతిలో పెట్టారు. ఒకరు వలసలు తగ్గించాలన్నదే తమ విధానమని ఉన్నమాట చెప్పారు. మూడోసారి అభ్యర్థే స్వయంగా వచ్చి, గుమ్మంలో నిలబడి అంతా విని, "హామీ ఇవ్వలేను, గెలిస్తే నా దగ్గరికి రండి," అన్నారట. ఏ పార్టీ అన్నది ఇక్కడా చెప్పను. నిజం చెప్పొద్దూ, రెండో మనిషి నిజాయితీ నాకు నచ్చింది, మూడో మనిషి ఓపిక మా ఆవిడకి నచ్చింది.

"ఒక్క వోటుకి ఏమవుతుంది లెద్దూ, వెయ్యకుండా వూరుకుంటాను," అన్నది శారద ఒకనాడు విసిగిపోయి.

అప్పుడు చెప్పాను దాదాభాయి నౌరోజీగారి కథ. 1886లో ఆయన లండనులో హోల్‌బర్న్ స్థానానికి లిబరల్ అభ్యర్థిగా నిలబడి ఓడిపోయారు. రెండేళ్ళ తరువాత ప్రధాని సాల్స్‌బరీ ప్రభువు ఒక సభలో, ఆంగ్లేయులు ఒక నల్లవాణ్ణి ఎన్నుకునే కాలం ఇంకా రాలేదన్నట్టు మాట్లాడాడు. ఆ మాట నౌరోజీగారికి ఎంత ప్రచారం చేసిపెట్టిందో చెప్పలేం. 1892లో సెంట్రల్ ఫిన్స్‌బరీ నుంచి ఆయన గెలిచారు. మెజారిటీ అయిదు వోట్లు! ఇంగ్లీషువాళ్ళకి నౌరోజీ అని పలకడం చేతగాక ఆయన్ని "నారో మెజారిటీ" అని చమత్కరించారు. ఆ అయిదుగురూ ఆనాడు వానగా వుందని ఇంట్లో కూర్చుంటే, మన దేశం దరిద్రాన్ని గురించి ఆ సభలో అంకెలతో సహా అడిగిన ఆ గొంతు వుండేదో లేదో. పాతకథ అనుకుంటే, 2017లో స్కాట్లండులో నార్త్ ఈస్ట్ ఫైఫ్ అనే చోట రెండే రెండు వోట్ల తేడాతో ఫలితం తేలింది.

1945 కూడా చెప్పాను, మా నాన్నగారు చెప్పగా విన్నది. జులై 5న వోటు వేశారు. సముద్రాల అవతల వున్న సైనికుల వోట్లు రావాలి గనుక ఫలితాలు జులై 26 దాకా చెప్పలేదు. ఈలోగా చర్చిల్ జర్మనీలో పోట్స్‌డామ్ సమావేశంలో స్టాలిన్, ట్రూమన్‌ల సరసన కూర్చున్నాడు. ఫలితాల కోసం లండను వచ్చాడు, తిరిగి వెళ్ళలేదు. ఆయన కుర్చీలో అట్లీ వెళ్ళి కూర్చున్నాడు. యుద్ధం గెలిపించినవాణ్ణి యుద్ధం పూర్తికాకముందే ఇంటికి పంపారు. లేబర్‌కి 393 స్థానాలు వచ్చాయి. రెండేళ్ళకి మనకి స్వాతంత్ర్యం వచ్చింది. ఆ రోజున వోటు వేసిన ఏ బొగ్గు గని కూలీకీ తెనాలి ఎక్కడుందో తెలిసి వుండదు.

జులై 4, గురువారం. వాళ్ళు ఎన్నికలు గురువారమే పెడతారు, 1935 నుంచి అదే ఆనవాయితీ. ఉదయం ఏడు నుంచి రాత్రి పది దాకా వోటు వేయవచ్చు. శారద ఆస్పత్రి డ్యూటీ దిగి, వాళ్ళ వీధి చివర చర్చి హాలుకి వెళ్ళింది. ఈమధ్య, అంటే 2023 నుంచి, ఫొటో వున్న గుర్తింపు పత్రం చూపించాలన్నారు. కామన్‌వెల్తు పాస్‌పోర్టు చెల్లుతుంది. మూడు సింహాల ముద్ర వున్న మన పాస్‌పోర్టు చూపించి ఇంగ్లండు పార్లమెంటుకి వోటు వేసివచ్చింది మా అక్కయ్య కూతురు!

"వేలికి సిరా పెట్టారా?" అన్నది మా ఆవిడ.

"లేదత్తయ్యా. దారం కట్టిన పెన్సిలు ఇచ్చారు. పోలీసులు కూడా లేరు. ఒకాయన కుక్కని తెచ్చుకున్నాడు, దాన్ని గుమ్మం దగ్గర కట్టేసి వెళ్ళి వోటేసి వచ్చాడు."

వాళ్ళకి రాత్రి పది అంటే మనకి తెల్లవారుజాము రెండున్నర. ఆ ఘడియ కొట్టగానే, వోటు వేసి వచ్చినవాళ్ళని అడిగి కట్టిన అంచనా ప్రకటిస్తారు. నేను మేలుకునే వున్నాను. మా ఆవిడ నిద్రపోతున్నట్టు నటిస్తూ మేలుకుంది. యంత్రాలు లేవు. కాగితాలన్నీ చేత్తోనే లెక్కపెట్టి, ఫలితం వేదిక మీద చదువుతారు. ఎంత గొప్పవాడైనా మిగతా అభ్యర్థులతో పాటు వరసలో నిలబడి వినవలసిందే. 500 పౌన్ల డిపాజిట్టూ, పదిమంది సంతకాలూ వుంటే ఎవరైనా నిలబడవచ్చు గనుక, హాస్యానికి నిలబడేవాళ్ళూ వుంటారు. ప్రధాని సునాక్ మీద చెత్తడబ్బా వేషం వేసుకుని కౌంట్ బిన్‌ఫేస్ అనే పేరుతో ఒకాయన పోటీ చేశాడు. ఒకే వేదిక మీద ప్రధాన మంత్రీ చెత్తడబ్బా నిలబడటం చూసి మా ఆవిడ పక్క మీద లేచి కూర్చుంది.

తెల్లవారేసరికి తేలింది. లేబర్‌కి 411 స్థానాలు, కన్సర్వేటివులకి 121. వోట్లు చూడబోతే లేబర్‌కి వచ్చినవి నూటికి 33.7. వోటు వేయడానికి వచ్చినదే నూటికి అరవై మంది గనుక, జాబితాలో వున్న ప్రతి అయిదుగురిలో ఒక్కరు వేస్తే సభలో మూడింట రెండు వంతులకి దగ్గరగా వచ్చింది. రిఫార్మ్ పార్టీకి 40 లక్షల పైచిలుకు వోట్లకి 5 స్థానాలు. వాళ్ళకంటె తక్కువగా, 35 లక్షలు వచ్చిన లిబరల్ డెమొక్రాట్లకి 72! నెయ్యి సామెత నేను వూరికే చెప్పలేదు.

జులై 5 మధ్యాహ్నానికి సునాక్ రాజుగారి దగ్గరికి వెళ్ళి రాజీనామా ఇచ్చాడు, కీర్ స్టార్మర్ వెళ్ళి ప్రధాని అయ్యాడు. ముహూర్తాలు లేవు, వారం రోజుల చర్చలు లేవు. పది నంబరు ఇంట్లో కదలనిది లారీ అనే పిల్లి ఒక్కటే. 2011 నుంచి ఎలుకలు పట్టే వుద్యోగంలో వుంటూ ఎందరు ప్రధానుల్ని సాగనంపిందో దానికే తెలియాలి.

శారద వూళ్ళో రెండో పార్టీ గెలిచింది. తేడా రెండు వేల లోపే. గెలిచినది గుమ్మంలో నిలబడి విన్న ఆ అభ్యర్థే.

అక్కడ సభ్యులు వారాంతంలో సొంత వూళ్ళో కూర్చుని ప్రజల కష్టాలు వింటారు. దాన్ని డాక్టర్ల మాటలో "సర్జరీ" అంటారు. శారద సెప్టెంబరులో అక్కయ్య కాగితాలన్నీ పట్టుకుని వెళ్ళింది. ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి విన్నారట. ఏ పార్టీకి వేశావని అడగలేదు, ఏ దేశస్థురాలివనీ అడగలేదు. ఎక్కడ వుంటావని మాత్రం అడిగారు. మంత్రికి ఉత్తరం రాశారు. రెండు నెలలకి జవాబు వచ్చింది. నిబంధనలు ఇవి, వాటి ప్రకారం ఇప్పుడు వీలుపడదని మర్యాదగా రాశారు. మా అక్కయ్యకి ఆ జవాబుతో పనిలేదు. పార్లమెంటు ముద్ర వున్న మొదటి ఉత్తరం నకలు తెప్పించుకుని, అందులో తన పేరు ఎక్కడుందో పక్కింటి పిల్లవాడి చేత చూపించుకుని, దేవుడి గూట్లో పెట్టుకుంది. శారద మళ్ళీ వెళుతూనే వుంది.

ఇన్ని చెప్పినవాణ్ణి గదా, ఇంతకీ ఎవరికి వేశావని నేను ఒకసారి అడిగాను. "1872లోనే రహస్య వోటు వచ్చిందని మీరే చెప్పారు గదా మామయ్యా!" అని ఫోను పెట్టేసింది.

"చూశావా, ఎంత గడుసుదయిపోయిందో! మనకీ చెప్పదుట," అన్నాను మా ఆవిడతో.

"మనకి కాదు, మీకు," అన్నది మా ఆవిడ, కూర కలియబెడుతూ. "నాతో ఆరోజే చెప్పింది."

ఎంత బతిమాలినా ఆ పేరు మాత్రం ఇంతవరకు బయటపెట్టలేదు.